మూడు చుక్కలు

వ్యాన్ల స్టాండులో నన్ను అందరూ ఇన్‌స్పెక్టరమ్మ అంటారు. నాకు యూనిఫారమూ లేదు, జీతమూ లేదు. వాళ్ళలాగే ముసలి వ్యాను తోలుకుని బతికేదాన్నే. ఆయిల్ ఫిల్టర్ కొనేటప్పుడు నేను పెట్టే పరీక్షలు చూసి ఎవడో ఆ పేరు తగిలించాడు, అది కాస్తా అతుక్కుపోయింది.

నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. కొత్త బండికి ఏ చెత్త బిగించినా కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. పాత బండి ఓర్చుకోదు. దాని లోపల అరిగిన ఇనుప రజను, మసి, మడ్డి అన్నీ నూనెతో పాటు తిరుగుతుంటాయి. వాటిని పట్టి ఆపేది గుప్పెడంత ఉండే ఆ ఫిల్టర్ డబ్బా ఒక్కటే. అందుకే నేను ముందు చేత్తో ఎత్తి బరువు చూస్తాను. అంచు రబ్బరును గోటితో నొక్కుతాను. కన్నాల్లోంచి తొంగి చూస్తాను, నూనె వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు పొర లోపల ఉందో లేదో అని. ఆ పొర లేకపోతే పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజను కాసేపు నూనె అందక పొడిగా తిరుగుతుంది. ముసలి ఇంజనుకు అంతకంటే చావు లేదు.

ఇంకో అలవాటు కూడా ఉంది నాకు. ఎప్పుడో ఒక మెకానిక్ నా పాత ఫిల్టర్‌నే గుడ్డతో తుడిచి, కొత్తది వేశానని నా కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు. వాడి చెవులు మెలేసి వచ్చాక, ప్రతి కొత్త ఫిల్టర్ అడుగునా మేకు పెట్టి కొట్టి మూడు చుక్కలు పొడవడం మొదలుపెట్టాను. మూడు పొయ్యిరాళ్ళలాగా ఉంటాయి. ఆ గుర్తు నాది, ఇంకెవరిదీ కాదు.

కొనేది మాత్రం మా బావ కొట్లోనే. మా అక్క మొగుడని కాదు, సరుకు బాగుంటుందని. నేను తాకి చూసి బాగుందన్నాకే స్టాండులో అందరూ అక్కడ కొనడం మొదలుపెట్టారు. పాత ఫిల్టర్లు మురుగుకాలవలో పడేయొద్దు, నా కొట్టు వెనకాల డ్రమ్ములో వేయండి, నేను పద్ధతిగా పంపించేస్తాను అని బావ అంటే, ఎంత మంచి మనసో అని మురిసిపోయాను. అందరి వెంటా పడి ఆ డ్రమ్ములో వేయించింది కూడా నేనే.

ఇక బాబాయ్ సంగతి. సొంత బాబాయ్ కాదు, స్టాండులో అందరికంటే పెద్దవాడని అలా పిలుస్తాం. ఆయన వ్యానూ నా వ్యానూ ఒకే మోడలు. ఆ సైజు ఫిల్టర్ పట్టే బళ్ళు మొత్తం స్టాండులో మావి రెండే. మొన్న ఎండాకాలంలో వంతెన ఎక్కుతుండగా ఆయన ఇంజను బిగుసుకుపోయింది. బండి నిండా జనం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కానీ ఇంజను పోయింది. "ఆయిల్ సరిగ్గా మార్చుకోవు, ఫిల్టర్ సంగతి పట్టించుకోవు, ఇలా కాక ఇంకెలా అవుతుంది?" అని స్టాండులో అందరి ముందూ నేనే కడిగిపారేశాను. "అన్నీ మార్చానే అమ్మాయ్" అని మాత్రం అన్నాడు పాపం. నేను వింటేనా!

ఉన్నదంతా ఊడ్చి పెట్టి ఆ ఇంజనును మళ్ళీ చేయించుకున్నాడు. ఇది కూడా పోతే ఇక బండి లేదు, ఆ వయసులో ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. దాన్ని మొదటిసారి స్టార్ట్ చేసే రోజు రానే వచ్చింది. "ఫిల్టర్ మాత్రం నువ్వే నీ చేత్తో చూసి తేవాలమ్మాయ్. నీ చెయ్యి మంచిది" అన్నాడు బాబాయ్. మెకానిక్ షెడ్డులో అన్నీ సిద్ధం, డబ్బా ఒక్కటే తక్కువ.

కొట్టుకు పరిగెత్తాను. బావ లోపల గదిలో భోంచేస్తున్నాడు, కౌంటర్ దగ్గర అక్క ఉంది.

"ఫిల్టరా? నీకా, బాబాయ్‌కా?" అంది పై అరలోకి చెయ్యి చాపుతూ.

"ఎవరికైతేనేం, రెండూ ఒకటే సైజుగా! బాబాయ్‌కే."

అక్క చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, వంగి, కింది అరలోంచి ఒక అట్టపెట్టె తీసి ఇచ్చింది. చూశాను కానీ పట్టించుకోలేదు. బాబాయ్ అక్కడ షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడని నా ఆత్రం నాది.

షెడ్డుకు వెళ్ళి పెట్టె విప్పాను. డబ్బా చేతిలో పెట్టుకుని ఎత్తి చూశాను. మంచి బరువు. "చూశావా బాబాయ్, అసలు సరుకంటే ఇలా ఉండాలి" అన్నాను. గుర్తు పొడుద్దామని మేకు తీసి, ఎక్కడ పెట్టాలా అని అడుగుభాగం బొటనవేలితో తడిమాను.

రంగు కింద ఏదో తగిలింది. మళ్ళీ తడిమాను. మూడు గుంటలు, మూడు పొయ్యిరాళ్ళలాగా.

ఛ, ఎక్కడో తగిలి నొక్కుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను. మేకుతో గీరాను. నిగనిగలాడే కొత్త రంగు పెచ్చులుగా ఊడింది. దాని కింద పాత రంగు, ఆ పాత రంగులో నా మూడు చుక్కలు. నా మేకుతో, నా చేత్తో నేను పొడిచిన చుక్కలు!

నేను తీసి డ్రమ్ములో పడేసిన ఫిల్టర్ రంగేసుకుని, కొత్త రబ్బరు తొడుక్కుని, కొత్త పెట్టెలో కూర్చుని నా చేతికే వచ్చింది. ఇందాక నేను బరువు చూసి మెచ్చుకున్నది నా సొంత మడ్డినే.

"ఏమైందమ్మాయ్?" అన్నాడు బాబాయ్.

"సైజు తేడా వచ్చింది, ఇప్పుడే మార్చుకొస్తా" అని బయటపడ్డాను. అబద్ధం ఎలా నోట్లోకి వచ్చిందో నాకే తెలియదు. దారి పొడుగునా ఒకటే మొక్కు, ఇది బావకు తెలియకుండా జరిగి ఉండాలి, ఎవడో సరుకు వేసేవాడు ఆయన్ను కూడా మోసం చేసి ఉండాలి అని.

బావ అప్పుడే చెయ్యి కడుక్కుని వస్తున్నాడు. డబ్బా కౌంటర్ మీద పెట్టి, గీరిన చోటు చూపించాను. "బావా, ఎవడో నిన్ను నిలువునా ముంచాడు, చూడు!"

బావ డబ్బా వంక చూడనే లేదు. అక్క వైపు తిరిగాడు.

"దీనికి కింది అరలోంచి ఎందుకిచ్చావే?"

"బాబాయ్‌కంది మరి! బాబాయ్‌కి నువ్వెప్పుడూ అక్కణ్ణించేగా ఇస్తావు?" అంది అక్క, ఏమీ తెలియక.

నెత్తిన పిడుగు పడ్డా అంత అదిరిపోయేదాన్ని కాదు. బావ నా వైపు తిరిగి, నాదేదో తప్పైనట్టు, "నువ్వైనా నీకని చెప్పొద్దా మరదలా? అప్పుడు మంచిదే ఇచ్చేదిగా!" అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగా, వానలో గొడుగు మర్చిపోయినదాన్ని మందలించినట్టు.

"అంటే... నాకొక అర, వాళ్ళకొక అరా?"

"నీ బండికి ఒక్కటంటే ఒక్కటి చెడ్డది ఇచ్చానా? పిల్లల మీద ఒట్టు. నువ్వు చూస్తావని నాకు తెలీదా? నువ్వు చూసి బాగుందంటేనే కదా వాళ్ళు వచ్చేది."

కంచే చేను మేసిందనుకున్నాను ఒక్క క్షణం. కాదు, ఆ కంచె నేనే. నన్ను గట్టు మీద నిలబెట్టి ఆయన తాపీగా చేను మేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక ఈ ఇన్‌స్పెక్టరమ్మ ఎంత!

అక్క మొహం పాలిపోయింది. "నా చేత్తో ఇప్పించావా?" అంది. బావ ఆమె వంక చూడలేదు. "అరవకండి, బయట జనం ఉన్నారు" అన్నాడు. అక్క పై అరలోంచి ఒక పెట్టె తీసి నా చేతిలో పెట్టింది. పెట్టె విప్పి కన్నాల్లోంచి చూశాను. రబ్బరు పొర ఉంది. అడుగు తడిమాను. నున్నగా ఉంది.

మంచిది పట్టుకుని షెడ్డుకు నడుస్తుంటే ఒక పాడు ఆలోచన వచ్చింది. బిగించేస్తే సరిపోతుందిగా, బాబాయ్ బండి బాగుంటుంది, అక్క కాపురం నిలబడుతుంది, నా పరువు నాకుంటుంది. షెడ్డు గుమ్మం దాకా ఆ ఆలోచన నాతోనే వచ్చింది.

గుమ్మంలో అడుగు పెట్టగానే, మూలనున్న రేకు పెట్టె కనబడింది. బాబాయ్ ఇంజనులోంచి తీసి పడేసిన అరిగిపోయిన సామాను అందులో వేశారు. పైనే పాత ఫిల్టర్ ఉంది, వంతెన మీద ఇంజను బిగుసుకుపోయిన రోజున బండికి ఉన్నది. ఆ సైజు బళ్ళు స్టాండులో మావి రెండే అన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. గుర్తుకు రాకపోయినా బాగుండేది.

తీశాను. జిడ్డు తుడిచాను. మేకుతో అడుగు గీరాను. రెండుసార్లు మేకు జారింది. రంగు ఊడింది.

మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టాడు. బాబాయ్ కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి వచ్చాడు. డబ్బా నా చేతిలోంచి తీసుకుని అడుగున బొటనవేలితో ఒక్కొక్క గుంటే తడుముతూ చాలాసేపు చూశాడు. నేను చుక్కలు పొడవడం ఆయన ఎన్నిసార్లు చూసి నవ్వాడో.

"ఇది నీ గుర్తు కదమ్మాయ్?"

కొత్త పెట్టె ఇంకా నా చంకలోనే ఉంది.

"నాదే బాబాయ్" అన్నాను.