వీధంతా వినబడే గుండె

ఆ వీధి రోజూ మేడమీది కోడలి గుండెచప్పుడుతో నిద్ర లేచేది. పరుగుపందేల మనిషి, వీధి పెట్టుకున్న పేరు పిట్ట. దేవుడు అందరి గుండెలకీ తలుపులు వేస్తూ వేస్తూ ఆ పిల్ల దగ్గర మరిచిపోయాడు, అంతే. దబ్... దబ్... అని తాపీగా వీధి చివరిదాకా వినబడేది. ఆ తాళానికే తల్లులు ఉయ్యాలలు ఊపేవారు. కింది కొట్లో టైలరు ఆ తాళానికే మిషను తొక్కేవాడు. కుట్టు గీత గీసినట్టు వచ్చేది.

అలాంటి చప్పుడు, దేశం జట్టుకి ఎంపిక పందెం వారంలోకి వచ్చేసరికి గాడి తప్పింది. ఈసారి జట్టులో చోటు దొరక్కపోతే పరుగు మానేసి ఉద్యోగం చూసుకుంటానని పిట్ట ఇంట్లో మాటిచ్చింది మరి. అందుకని కోచ్ మేడమ్ పెట్టే సాధన అయ్యాక, ఎవరికీ చెప్పకుండా మిట్టమధ్యాహ్నం ఇంకో విడత పరిగెత్తేది. నిద్ర తగ్గించింది, తిండి తగ్గించింది, కాఫీ పెంచింది. చెప్పకుండా అంటున్నాను గానీ, ఆ గుండె పెట్టుకుని దాపరికం ఎక్కడండీ?

టైలరు ఓ చొక్కా పట్టుకుని పైకొచ్చాడు. "చూడు తల్లీ, పెళ్ళికొడుకు చొక్కా. కాలరు జిలేబీ అయింది. నీ గుండె ఉరుకుతుంటే నా కాలు ఆగుతుందా?"

"మీకు కాలరే అన్నయ్యగారూ," అత్తగారు అందుకుంది. "నేను కళ్ళు మూసుకుంటే ప్రార్థన కాస్తా రైలెక్కేస్తోంది. ఎందుకే ఆ తొందర అని దేవుడు అనుకోడూ?"

మేడమ్ కూడా వచ్చి కాసేపు విని తల అడ్డంగా ఊపింది. "పొద్దున్నే ఇలా కొట్టుకుంటోందంటే ఒంటికి నిన్నటి అలసటే తీరలేదు. పరుగు కండని అరగదీస్తుంది. మళ్ళీ కట్టేది తిండీ నిద్రా. పందెందాకా పరుగు బంద్."

"మిగతావాళ్ళు పరిగెడుతుంటే నేను పడుకోనా మేడమ్?"

"పడుకో."

పిట్ట తలూపింది. తల మాత్రమే ఊపింది. మధ్యాహ్నం మళ్ళీ బయల్దేరబోతే, ఉన్న ఒక్క జత బూట్లలో ఒకటి పక్కన చిరిగింది. టైలరుకిచ్చింది. మెట్లమీంచి అత్తగారు ఆయనకి చేసిన కనుసైగ మాత్రం చూడలేదు.

"రేపిస్తానమ్మా," అన్నాడాయన.

టైలరు రేపు సంగతి మీకు నేను చెప్పాలా?

మర్నాడు దారం రంగు కలవలేదు. ఆ మర్నాడు సూది విరిగింది. ఆ తర్వాత కరెంటు పోయింది.

"తొక్కే మిషనుకి కరెంటెందుకు బాబాయ్?"

"దీపానికమ్మా."

చేసేదేం లేక పిట్ట అత్తగారు పెట్టింది తినేది, కూర్చున్నచోటే ఒరిగి నిద్రపోయేది. చప్పుడు రోజురోజుకీ నెమ్మదించి, లోతుకి దిగి, బావిలో చేద పడినట్టు మోగసాగింది. పందెం రోజు తెల్లారకముందే టైలరు బూట్లు తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

ఇక మైదానం. పిట్టతో పరిగెత్తేవాళ్ళకి ఒక సుఖం ఉంది, తిరిగి చూడక్కర్లేదు. గుండె తడబడి గోల పెట్టిందంటే పిట్ట పనైపోయినట్టే. అప్పుడు ఊపందుకుని దాటేసేవారు. ఏటా అదే జరిగేది.

ఆరోజూ చెవులు రిక్కించే పరిగెత్తారు. దబ్ దబ్ దబ్. వేగంగానే, కానీ నిబ్బరంగా. ఆఖరి చుట్టు గంట కొట్టారు. దబ్ దబ్ దబ్. ఇంకా గోల పెట్టలేదు, ఇంకాస్త ఆగుదాం అనుకుంది అందరికన్నా పొడుగు పిల్ల. ఆఖరి మలుపు వచ్చింది. వాళ్ళింకా వింటూనే ఉన్నారు. పిట్ట ఎగిరింది.

తేరుకునేసరికి వాళ్ళ ముందు పిట్ట వీపుంది, దాని ముందు గీతే ఉంది.

గీత దాటాక గుండె గొంతు విప్పింది. గ్యాలరీ రేకులు అదిరాయి. మైకులో జట్టు పేర్లు చదువుతున్నారు. ఆ మోతలో ఎవరికీ ఏమీ వినబడలేదు. అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ మైకాయన దగ్గరికెళ్ళి నిలబడింది.

"మా అమ్మాయి పేరు మళ్ళీ చదువు నాయనా."

చదివాడు. అప్పుడూ వినబడలేదు. ఆవిడ ఆయన పెదవులకేసే చూస్తూ, "ఇంకోసారి," అంది.