మూడు సెకండ్లు

ఆ ఏడు హుస్నాబాద్‌లోని నా మోటార్ల దుకాణం నుంచి పదకొండు ఆటో స్టార్టర్లు అమ్ముడుపోయాయి. రైతు దగ్గర లేకున్నా కరెంటు రాగానే మోటారును నడిపే పెట్టెలవి. లోపలి చిప్‌కు ప్రోగ్రాం రాసింది నా దగ్గర పనిచేసే అంబదాస్.

ఆ మధ్యాహ్నం పన్నెండో పెట్టె బల్ల మీద ఉంది, మీట బంద్ మీద. కరెంటు పోయి వచ్చింది. పెట్టె లోపల టక్కుమంది. మూడు సెకండ్లకు మళ్లీ టక్కుమంది.

"బంద్ మీదున్నది ఎందుకు కొట్టుకుంటున్నదిరా?"

అంబదాస్ ప్రోగ్రాం కాగితాలు తీసి, మొదటి పేజీలోనే ఆగిపోయాడు.

"మన దిక్కు కరెంటు కుదురుగ రాదు గద సేటు. కుదురుకునేదాంక మూడు సెకండ్లు ఆగుమని ముందు రాసిన. మీట చూడుమని ఎన్కకు రాసిన. చిప్ లేవంగనే అన్నీ చాలూ మీదనే ఉంటయి. మీట బంద్ మీదున్నా ఆ మూడు సెకండ్లు మోటారు తిరుగుతది."

"పరీక్ష చేసినవు గదా?"

"చేసిన. మీట చాలూ మీద పెట్టే చేసిన."

నేనూ అట్లాగే చూసి అమ్మాను. నడుస్తుందా అని చూశాను గాని, ఆగుతుందా అని చూడలేదు.

ఆ పెట్టె కొన్నవాళ్లలో ఒకడైన లచ్చయ్య పొద్దున గ్లాండు తాడు కొనుక్కుపోయాడు. నీళ్లు కారకుండా పంపు ఇరుసు చుట్టూ కుక్కే తాడది. మీట బంద్ చేసి, కరెంటు లేనప్పుడు, వేళ్లు ఇరుసు మీద పెట్టి చేసే పని. బావుల మోటార్లకు త్రీఫేజ్ కరెంటు రెండింటికి వస్తుంది. అప్పుడు ఒంటిగంటా నలభై. అతని బావి ఎనిమిది కిలోమీటర్లు.

నేను చేరేసరికి లచ్చయ్య బావిలోపలి గద్దె మీద, పంపు మీదికి వంగి ఉన్నాడు. మీట బంద్ మీదున్నా మోటారు తిరుగుతుందని నిజం చెబితే నవ్వుతాడు, చెయ్యి మాత్రం తీయడు.

"లచ్చయ్యా, నీకు సన్న తాడిచ్చిన. పైకి రా, మంచిది తెచ్చిన."

"తాడు కోసం గింత దూరమొచ్చినవా సేటు? దుకాణంల బేరాల్లేవా?"

"రాకుంటే ఇంకొకనికి ఇచ్చేస్త."

ఆ మాటకు లేచాడు. రెండు మెట్లు ఎక్కాడో లేదో, కింద టక్కుమంది. ఇరుసు గిర్రున తిరిగింది. దాని మీద వదిలిన పానా ఎగిరి గోడకు కొట్టుకుని నీళ్లలో పడింది. మూడు సెకండ్లకు ఇరుసు ఆగింది.

లచ్చయ్య తన చేతివేళ్లు చూసుకున్నాడు.

"బంద్ మీదనే పెట్టిన సేటు."

"పెట్టినవు. తప్పు నా పెట్టెది."

"మరి తాడు?"

"నీ తాడు మంచిదే."

అతడు ఒక్క ఉదుటున పైకి వచ్చాడు.

"దాంట్ల సగం సత్తమ్మకిచ్చిన. ఆమె గూడ ఇయ్యాలనే పంపు విప్పింది."

సత్తమ్మది నేనమ్మిన ఏడో పెట్టె. ఆమె బావికి కరెంటు ఇదే లైను నుంచి, ఇదే నిమిషానికి వస్తుంది. స్కూటర్‌ను కిక్కు కొట్టాను. రెండుసార్లు కాలు జారింది.