బహ్లా బండి

ఖాదర్‌వలి డ్రైవరు సీటు ముందు వెల్లకిలా పడుకొని, తలను బ్రేకు పెడలు పక్కన ఇరికించి, డాష్‌బోర్డు లోపలి చీకటిలోకి చూస్తున్నాడు. నోట్లో చిన్న టార్చి. ఆ పికప్పు చేపలు అమ్మేవాడిది. వెనక తొట్టిలోని చేపల వాసన ఎండకు చిక్కబడి లోపలిదాకా వస్తోంది. తాళం తీసేసినా రేడియో ఆగడం లేదన్నది ఫిర్యాదు. అతడు తీగలను ఒక్కొక్కటిగా వేళ్లతో తడుముతూ పోయాడు. రేడియో మార్చినవాడెవడో తొందరలో తాళం తీగను వదిలేసి, ఎప్పుడూ కరెంటు ఉండే తీగకే రెండు కొసలనూ మెలిపెట్టాడు. విడదీసి, దేని చోట దాన్ని అతికించి, తాళం తిప్పాడు. పాట ఆగిపోయింది.

అతనికి యాభై దాటాయి. పొట్టి మనిషి. ముంజేతుల మీద టంకం చుక్కలు పడి మాడిన తెల్లని మచ్చలు. తీగల తొడుగులు ఒలిచీ ఒలిచీ కుడి బొటనవేలి గోరు నడిమికి చీలిపోయింది. కళ్లజోడు కాడ విరిగినచోట సన్నని రాగితీగ చుట్టుకున్నాడు. కింద నుంచి లేవాలంటే ముందు మోకాలు, తరువాత నడుము, చివరికి మెడ, వరసగా ఒక్కొక్కటీ ఒప్పుకోవాలి.

వర్క్‌షాపు ఒమాన్ దేశంలో ఖబూరా ఊరి బయట, సముద్రానికీ పెద్ద రోడ్డుకూ నడుమ ఉంది. రేకుల కప్పు కింద ఒక షట్టరులో ఖాదర్‌వలి కరెంటు పని చేస్తాడు. పక్క షట్టరులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఇస్తారి సొట్టలు తీస్తాడు. ఇద్దరిదీ ఒకే రూమ్.

“ఖాదరన్నా, పొద్దుగాల్నే గడ్డం గీసుకున్నవ్. బహ్లా బండి వస్తున్నదా ఏంది?” అన్నాడు ఇస్తారి, చేతిలో సుత్తి ఆపి.

“వస్తాదంట. నిన్న ఫోను చేసినారు.”

“ఒక్క మాట అంట, ఏమనుకోకు. దునియాల ఉన్న బండ్లన్నీ నీ చేతిల ఒక్కసారికే బాగైతయ్. గా ఒక్క బండి మల్ల మల్ల రావట్టె. నీకు పని రాదన్నా.”

“నీ సుత్తి నువ్వు కొట్టుకో పో.”

ఇస్తారి నవ్వుకుంటూ రేకు మీద మళ్లీ మోత మొదలుపెట్టాడు. ఖాదర్‌వలి నవ్వలేదు.

బహ్లా బండి వెనక సీటులో అతని భార్య వస్తుంది. షంషున్నీసా. పిల్లలు లేని ఇల్లు. రాయచోటి బస్టాండు పక్కన డైనమోలు చుట్టే కొట్టు మూతపడ్డాక, ముందు ఆమే ఒమాన్‌లోని బహ్లా ఊరికి ఇంటిపనికి వచ్చింది. రెండేళ్లు ఒక్కడే వండుకు తిన్న తరువాత అతడూ వీసా సంపాదించాడు. ఏజెంటు ఆఫీసు గోడకున్న పటంలో బహ్లాకూ ఖబూరాకూ మధ్య బొటనవేలంత దూరం కనిపించింది. ఆ బొటనవేలు కింద కొండల వరస ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆమె ఉండే ఇంట్లోకి బయటి మగవాళ్లు వెళ్లకూడదు. ఆమె ఒంటరిగా బయటికి రాకూడదు. శుక్రవారం సాయంత్రం ఫోనులో మాట్లాడుకునేవారు. ఒకే దేశంలో ఉన్నామన్న మాట తప్ప, రాయచోటిలో ఉన్నప్పటికి ఇప్పటికి పెద్ద తేడా లేదు.

ఆమె యజమాని సయీద్ తన తల్లిని ఎముకల డాక్టరుకు చూపించడానికి అప్పుడప్పుడు కొండలు దాటి, ఖబూరా మీదుగా సోహార్‌కు తీసుకువెళతాడు. ముసలామెను లేపడానికీ కూర్చోబెట్టడానికీ వెంట షంషున్నీసా ఉండాలి. పెద్ద తుఫాను వచ్చిన మరుసటి ఏడాది ఒకసారి, దారిలో డాష్‌బోర్డు మీద ఎర్ర దీపాలు వెలిగి, రేడియో గరగరలాడి ఆగిపోయింది. షంషున్నీసా చెప్పగా బండి ఇక్కడికి వచ్చింది. ఎర్త్ తీగను బాడీకి బిగించే నట్టు తుప్పు పట్టి ఉంది. బ్యాటరీ నుంచి వెళ్లిన కరెంటు ఆ తీగ గుండానే తిరిగి రావాలి. వచ్చే దారి మూసుకుపోతే సంబంధంలేని దీపాల్లో దూరి వాటిని వెలిగిస్తుంది. అప్పటికి తగిన సామాను లేక తుప్పు గీకి, పాత నట్టే బిగించి పంపాడు. కొన్ని నెలలకు దీపాలు మళ్లీ వెలిగాయి. బండి మళ్లీ వచ్చింది, వెనక సీటులో ఆమె.

ఆ రెండోసారి సామాను ఉంది. చెయ్యి మాత్రం సగంలో ఆగింది. తరువాత వచ్చినప్పుడూ అంతే.

బండిలో జిన్ను ఉందని సయీద్ తల్లి నమ్మింది. అద్దానికి తాయెత్తు కట్టించింది. లోకంలో జిన్నులు ఉన్నాయో లేవో ఖాదర్‌వలి ఎన్నడూ తేల్చుకోలేదు. ఈ నట్టును సగం బిగించింది ఎవరో మాత్రం అతనికి తెలుసు. ముసలామె తాయెత్తు చూపించినప్పుడల్లా తల వంచుకునేవాడు. ఆమె దాన్ని భక్తి అనుకునేది.

ఎండ నడినెత్తికి రాకముందే బండి వచ్చింది. తెల్లని పెద్ద బండి, చక్రాల దాకా ఎర్రదుమ్ము. సయీద్ దిగి చేయి కలిపాడు.

“ఖాదర్, వహీ లైట్ ఫిర్. రేడియో భీ ఖలాస్.”

మళ్లీ అవే దీపాలు, రేడియో కూడా పోయిందని చెప్పి, బహ్లా పక్కనున్న నిజ్వాలో పెద్ద గ్యారేజీకి పొమ్మని బంధువులు చెప్పినా తాను వినలేదనీ, ఈ బండి మీద ఖాదర్ చెయ్యి తప్ప మరొకరిది పడనివ్వననీ అన్నాడు. భుజం తట్టి, ఊళ్లోని బంధువుల ఇంటికి నడిచాడు. ముసలామెను చల్లగా ఉండే ఆఫీసు గదిలో పడుకోబెట్టి వచ్చి, షంషున్నీసా బండి తలుపు పక్కన ఒక ఖాళీ పెట్టె మీద కూర్చుంది. నల్ల అబాయా అంచు మోకాళ్ల కిందికి సర్దుకుంది.

“చిక్కినావు,” అన్నాడు అతడు, డాష్‌బోర్డు కిందికి దూరుతూ.

“నువ్వు కూడా ఏం లావు కాలేదులే. ఆ కళ్లద్దాలకు తీగ ఏంది? ముసిలి మేస్త్రీ మాదిరి ఉండావు.”

“మేస్త్రీనే కదా.”

ఆమె నవ్వి, జారిన అబాయా చేతి అంచును పైకి లాక్కుంది. మోచేతి దగ్గర మానుతున్న పెద్ద పక్కు కనిపించింది.

“ఏందది?”

“పోయిన నెల పడినా.”

“యాడ?”

“కొండదారిలో.” ఆమె ఆఫీసు గది వైపు ఒకసారి చూసింది. “పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయినాక వస్తాండాము. ముందు లైట్లు సన్నగిల్లె. ఆనక బండే ఆగిపాయె. ఫోన్లో సిగ్నలు లేదు. సయీదు సాయం కోసరం నడుచుకుంటా పాయె. ముసిలామెకు ఊపిరాడక దించమంటే దించినా. మలుపులో లారీ వచ్చె. చీకట్లో మా బండి వానికి కనపడలా. ఆమెను పట్టుకోని రాళ్ల మింద పడినా.”

అతని చేతిలో స్పానరు ఆగిపోయింది. పైనుంచి తుప్పు పొడి రాలి కళ్లద్దాల మీద పడింది. తుడుచుకోలేదు.

“లారీ?”

“ఎట్లనో తిప్పుకున్యాడు. ఆనక సయీదు తిరిగొచ్చి తాళం తిప్పితే బండి దానంతట అదే లేచె. ముసిలామె నా చెయ్యి పట్టుకోని చిన్నబిడ్డ మాదిరి ఏడ్చె. ‘జిన్ను, జిన్ను’ అని ఒకటే మాట. నేనేం మాట్లాడలా.” గొంతు తగ్గించింది. “నువ్వే కదా?”

పక్క షట్టరులో సుత్తి మోత వినిపిస్తోంది.

“నాకు పోయిన తూరే తెలుసు. నట్టు బిగించేటప్పుడు నీ మొగం చూసినా. అడగలా. నాకూ రావాలనే ఉండె.”

“లైట్లు పోతాయనుకోలేదు మే. రేడియో ఒకటే పోతాదనుకున్యా.”

“నువ్వేమనుకుంటే తీగ అదే చేస్తాదా?”

ముప్పై ఏళ్లుగా నేర్చిన విద్య మొత్తంలో ఆమె అడిగిన ప్రశ్నకు ఒకే సమాధానం ఉంది, అది ఆమె వైపే ఉంది.

“ఈ తూరి గట్టిగా చెయ్యి,” అంది.

“గట్టిగా చేస్తే ఈ బండి ఇంక రాదు.”

“రాకుంటే మానె. శుక్రారం ఫోను ఉండాది కదా.” ఆ మాట అంటూ ఆమె అతని వైపు చూడలేదు.

అతడు ఇవతలికి వచ్చి, కళ్లద్దాలు తుడుచుకొని, మళ్లీ లోపలికి దూరాడు. ఈసారి పాత తీగను కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ పోయాడు. ఆకుపచ్చ చిలుము తొడుగు లోపల చాలా దూరం పాకి ఉంది. మెరిసే రాగి కనిపించేదాకా కోసి, కొత్త తీగ అతికి, టంకం పోశాడు. బాడీ మీది పెయింటును తెల్లటి ఇనుము తేలేదాకా రుద్దాడు. కొత్త బోల్టు, పళ్ల వాషరు వేసి, స్పానరు ఇక తిరగనన్నాక మరొక్కసారి ఒత్తి తిప్పాడు. పైన గ్రీజు పూశాడు. హెడ్‌లైట్లు వేసి మీటరు పెడితే ముల్లు సున్నాను వదిలి కదలలేదు; దారిలో ఇక ఎక్కడా అడ్డు లేదు. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్క క్షణం వెలిగి ఆరిపోయాయి. రేడియోలో ఎవరో అరబ్బీలో వార్తలు చదువుతున్నారు. ఒక్క గరగర లేదు. షంషున్నీసా ఆ వార్తలు వింటూ కూర్చుంది. సయీద్ రావడానికి ఇంకా సమయం ఉంది. ఖాదర్‌వలి స్పానర్లను ఒక్కొక్కటిగా తుడిచి సంచిలో పెట్టాడు.

సయీద్ వచ్చి దీపాలు చూసి తృప్తిపడ్డాడు. “అబ్ పక్కా?”

“పక్కా,” అన్నాడు ఖాదర్‌వలి.

ముసలామె తాయెత్తు తాకి, జిన్ను పోయిందా అన్నట్టు చేతితో అడిగింది. అతడు ఆమె ముఖంలోకి సూటిగా చూసి తలూపాడు. షంషున్నీసా ఆమెను పట్టుకొని సీటులోకి ఎక్కించి, తానూ ఎక్కింది. ఏసీ కోసం అద్దాలు పైకి లేచాయి. బండి రోడ్డెక్కేటప్పటికి ఆమె ముసలామె నడుము వెనక దిండు సర్దుతోంది. దుమ్ము కాసేపు లేచి, కిందికి దిగింది.

సాయంత్రం ఇస్తారి చేతులు కడుక్కుంటూ అడిగాడు. “మల్ల ఎప్పుడొస్తదన్నా బండి?”

“రాదు.”

“గదేంది?”

“బాగైంది.”

ఇస్తారి నోటి దాకా వచ్చిన పరాచికాన్ని మింగేసి, సబ్బు అతని చేతికి అందించాడు. “నువ్వు కడుక్కో. ఇయ్యాల బువ్వ నేనొండుత,” అని వెళ్లిపోయాడు.

ఖాదర్‌వలి నేల ఊడ్చాడు. తీగ ముక్కలను డబ్బాలో వేశాడు. షట్టరు దించబోతూ గోడ వైపు చూశాడు. తీగ వరస చివరిదాకా చూడటానికి వెనక సీటు ముందు, షంషున్నీసా కాళ్లు పెట్టుకునే చోటి నుంచి తీసిన రబ్బరు పట్టా అక్కడే ఆనించి ఉంది. తిరిగి వెయ్యడం మరిచిపోయాడు. అంత పాత పట్టా కోసం కొండలు దాటి ఎవరూ రారు. దాన్ని విదిలించడానికి ఎత్తినవాడు మెల్లగా మళ్లీ గోడకే ఆనించాడు. దాని నల్లని గాడుల నిండా బహ్లా ఎర్రమట్టి పేరుకొని ఉంది, రెండు పాదాలు ఆనినంత మేర తప్ప.