ముప్పై సెంట్లలో మల్లె

ఆళ్లగడ్డ దాటి నంద్యాల రోడ్డు మీద కాస్త దూరం పోతే కుడివైపున మాబున్నీ పూలతోట కనిపిస్తుంది. మాబున్నీ తోట అని ఊరంతా అంటారు గానీ నేల ఆమెది కాదు. ఆ ముప్పై సెంట్లు, అందులోని బోరు, అంతా నంద్యాలలో కాపురముండే లక్ష్మీనారాయణది. పన్నెండేళ్లుగా ఆమె దాన్ని గుత్తకు చేస్తోంది. గుత్త అంటే ఏడాదికింత అని మాట్లాడుకుని సాగు చేసుకోవడం. అంతా నోటి మాటే, కాగితం ముక్క లేదు. రాసిస్తే రేపు ఈ మనిషి నేల మీద హక్కు అడుగుతుందని లక్ష్మీనారాయణ భయం. పట్టా పుస్తకం బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగే మనిషికి ఇంకా ఎందుకంత భయమో దేవుడికే తెలియాలి.

ఆ భయం కొద్దీ ఆయన రెండు కట్టుబాట్లు పెట్టాడు. ఉగాదికి ఎనిమిది రోజుల ముందు ఆమె నేల ఖాళీ చేసి అప్పజెప్పాలి. ఆయన ట్రాక్టరు తెచ్చి ఒక చాలు దున్నిస్తాడు. పండగ వెళ్లాక తమలపాకులో వక్క పెట్టి మళ్లీ ఆమె చేతికే ఇస్తాడు. మధ్యలో ఆ ఎనిమిది రోజులు నేల తన చేతిలో ఉంటే ఆమె సాగు తెగిపోయినట్టేనని ఆయన నమ్మకం. రెండో కట్టుబాటు, ఏడాదిలో పుట్టి ఏడాదిలో పోయే పూలే వేయాలి. బంతి వేసుకోవచ్చు, చామంతి వేసుకోవచ్చు. మల్లె, కనకాంబరం, గులాబీ లాంటివి, అంటే ఏళ్ల తరబడి నిలిచేవి ఒక్కటీ పెట్టకూడదు. చెట్టుకు వేరు దిగితే మనిషికీ దిగుతుందంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, ఎదురు చెప్పి లాభం లేదు.

మాబున్నీ పన్నెండేళ్లు అలాగే చేసింది. తొలకరికి బంతి నారు పోసేది, నెల తిరక్కుండా తీసి నాటేది, గుబురుగా పెరగాలని కొసలు తుంచేది, దసరాకు కోసేది. బంతి ఎండిపోతే పీకడానికి ఆమెకేమీ బాధ లేదు, దాని ఆయుష్షే అంత. చామంతి దగ్గరే కడుపు మండేది. పూలు కోశాక చామంతి చావదు. మొదట్లోంచి పచ్చగా పిలకలు వేస్తుంది, మళ్లీ బతుకుతానంటుంది. ఆ పిలకలన్నీ ఉగాదికి ముందు పెరికి, గోతాల్లో ఇంటికి మోసి, పాత డబ్బాల్లో నాటి, ఎండాకాలమంతా నీళ్లు చిలకరించి కాపాడి, వానలు పడ్డాక తెచ్చి అదే నేలలో, అదే గాడిలో పెట్టేది. బతికున్న చెట్టును ఏటా చచ్చినట్టు చూపించడమేమిటి? ఆ నాటకం ఒక మగవాడి బీరువా తాళం కోసమా? పెరికేటప్పుడల్లా ఆమె తిట్టే తిట్లు వింటే లక్ష్మీనారాయణకు అన్నం సహించేది కాదు.

యాభై రెండేళ్లు వచ్చేసరికి మోకాళ్లు మొరాయించాయి. ఏడాదికి రెండు సార్లు నాట్లంటే వంగలేకపోయింది. గడిచిన జూన్‌లో బంతి విత్తనాల కోసం నంద్యాలలో సంజీవయ్య నర్సరీకి పోయింది. అక్కడ ఏడాది వయసున్న గుండుమల్లె మొక్కలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకసారి వేరు పట్టిందంటే పదేళ్లకు పైగా పూస్తుందని, ఏటా కత్తిరించి ఎరువేస్తే చాలని సంజీవయ్య చెప్పాడు. అది ఆమెకు తెలియని సంగతి కాదు. పన్నెండేళ్లుగా తెలిసే పక్క నుంచి నడిచి పోయింది. ఆ రోజు పోలేదు. ఆటోలో బంతి విత్తనాలతో పాటు అరవై మల్లె మొక్కలు దిగాయి.

ఆమె మొగుడు జిలాని బజారులో తాళాలు, స్టవ్వులు బాగుచేస్తాడు. గొడవంటే ఆమడ దూరం పోయే మనిషి. మొక్కలు చూసి లక్ష్మీనారాయణకు తెలిస్తే ఎట్లా అని గింజుకున్నాడు. తెలియనీ అంది మాబున్నీ. బంతి వరసల నడుమ గుంతలు తీసి, పశువుల ఎరువు కలిపి, అరవైకి అరవై నాటింది. బంతి మోకాలెత్తు పెరిగి మల్లెను కప్పేసింది.

జనవరిలో లక్ష్మీనారాయణ ఒకసారి వచ్చాడు. అప్పటికి బంతి పీకేసింది. మల్లెకు నీళ్లు ఆపి, కొమ్మలు కురచగా కత్తిరించి, ఆకు దూసేసింది. మల్లె పెంచేవాళ్లు ఎవరైనా చేసే పనే అది, అప్పుడే మార్చికి చిగురూ మొగ్గా కలిసి వస్తాయి. లక్ష్మీనారాయణ తరతరాలుగా పత్తి, కంది పండించిన ఇంటివాడు. ఆయన కళ్లకు ఆకు లేని కట్టె కనబడితే అది పొయ్యిలోకే. ఆ మోళ్లను చెప్పుకాలితో తట్టి, ఇవేమిటని అడిగాడు. మల్లె అని చెప్పింది.

"ఎండిపోయినాయి గదా. నేను చెప్తే ఇంటివా? ఈ నేలకు అట్లాటివి పట్టవు" అని నవ్వాడు.

మాబున్నీ మాట్లాడలేదు. ఔననలేదు, కాదనలేదు. ఆయన పోయాక గడ్డపార పట్టుకుని పాదులు తవ్వుతుంటే తన మీద తనకే కోపం వచ్చింది. దొంగతనం చేసినట్టు నోరు మూసుకోవడమేమిటి? కష్టం తనది, మొక్కలు తను కొన్నవి, భయం మాత్రం ఎందుకు ఆయన దగ్గర అరువు తెచ్చుకోవాలి? ఆ మౌనం రెండు నెలలు ఆమెను ముల్లులా పొడిచింది.

మార్చిలో మల్లె విరగబూసింది. ఆళ్లగడ్డ పూలబజారులో మాబున్నీ మల్లె అన్న పేరు వారం తిరక్కుండా నంద్యాల చేరింది. నేల అప్పజెప్పే రోజుకు రెండు రోజుల ముందు లక్ష్మీనారాయణ జిలానికి ఫోన్ చేశాడు. తాను మంచివాడు కాబట్టి ఒక దారి చూపిస్తున్నానన్నాడు. ఒక కాగితం తెస్తాడు, మాబున్నీ సంతకం పెడితే చెట్ల జోలికి రాడు, ఎప్పటిలాగే పూలు కోసుకోవచ్చు. పెట్టకపోతే చెట్లతో సహా దున్నిస్తాడు. కాగితంలో ఏముందో కూడా చెప్పాడు. భూమి ఆయనదని, చెట్లు ఆయన నాటించినవని, మాబున్నీ ఆయన దగ్గర దినకూలి అని.

జిలాని భార్యను బతిమాలాడు. కాగితంలో పేరు ఏదైతే ఏం, పూలు మనమే కోసుకుంటాం గదా అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అరవై చెట్లు మొగ్గల మీదున్నాయి. నాగలి దిగితే అరగంట పని. ఆ రెండు రోజులూ మాబున్నీ సంతకం పెడదామనే అనుకుంది, ఆ సంగతి ఆమెకు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది.

అప్పజెప్పాల్సిన రోజు, గురువారం పొద్దున లక్ష్మీనారాయణ తోట దగ్గర కారు దిగాడు. వెనకే ప్రేమ్ సాగర్ ట్రాక్టరు వచ్చింది. అతను బండి ఆత్మకూరు అనే ఊరి వైపు నుంచి వచ్చి బాడుగకు దున్నే నడివయసు మనిషి, పన్నెండేళ్లుగా ఈ నేల దున్నేది అతనే. లక్ష్మీనారాయణ తెచ్చిన కాగితం కింద సాక్షి సంతకానికి గీత కూడా ఉంది, అది అతని కోసమే.

మాబున్నీ చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం తీసుకుంది. అయిదో తరగతి చదువు, అక్షరం అక్షరం కూడబలుక్కుని గట్టిగా చదివింది. భూమి లక్ష్మీనారాయణది అన్న చోట ఆగలేదు. చెట్లు ఆయన నాటించినవి అన్న చోట ఆగింది. దినకూలి అన్న చోట మళ్లీ ఆగింది. పన్నెండేళ్లు ఒక్క మాటలో తుడిచేసినట్టు అనిపించింది. ఆ క్షణాన అంతవరకూ ఉన్న ఊగిసలాట పోయింది.

"జనవరిలో ఎండిపోయినాయంటివే అప్పా, అప్పుడు నోరు మూసుకున్యా. అది నా తప్పు" అంది. "అవి ఎండలేదు. నేనే కత్తిరించినా. పెట్టింది నేను, నీళ్లు కట్టింది నేను. పెన్నియ్యి."

సంతకమే పెడుతుందనుకుని లక్ష్మీనారాయణ జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. ఆమె ట్రాక్టరు బానెట్ మీద కాగితం పరిచి మొదటి మాట ఉంచి మిగతా రెండూ కొట్టేసింది. కింద తన చేత్తో రాసింది. భూమి లక్ష్మీనారాయణది. పన్నెండేండ్లుగా గుత్త నాది. మల్లెచెట్లు నేను పెట్టినవి. దాని కింద సంతకం చేసి పెన్ను ప్రేమ్ సాగర్ చేతిలో పెట్టింది.

"సాక్షి కావాలనే గదా పిల్చకొచ్చినారు. ఈ పన్నెండేండ్లు నువ్వు చూడంది ఏముందన్నా? అబద్ధముంటే చెప్పు, కొట్టేస్తా."

ప్రేమ్ సాగర్ లక్ష్మీనారాయణ వైపు చూశాడు, మల్లె వైపు చూశాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. బాడుగ పోతుందేమోనన్న దిగులు అతని మొహంలో కనబడుతూనే ఉంది. చివరికి వంగి సంతకం చేశాడు.

"ఏంరా, బుద్ధుందా నీకు?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"ఉన్నదే రాసింది గదప్పా" అన్నాడు ప్రేమ్ సాగర్.

లక్ష్మీనారాయణ కాగితం లాక్కుని చింపబోయాడు. రెండు చేతులూ కాగితం మీదకు వచ్చి అక్కడే ఆగిపోయాయి. భూమి తనదని ఆమె రాసిచ్చింది, ఆమె చేతిరాతతో, సాక్షితో. పన్నెండేళ్లు ఉగాది ఉగాదికీ నేల దున్నించి ఆయన వెతుక్కున్నది ఆ ఒక్క మాటే. చింపితే అది పోతుంది. దాచుకుంటే గుత్త ఆమెదని, చెట్లు ఆమెవని తానే ఒప్పుకున్నట్టవుతుంది.

"దున్నల్లనుకుంటే దున్నుకో అప్పా" అంది మాబున్నీ. "కాకపోతే నేను కూలిదాన్నని మాత్రం చెట్లకు గూడా చెప్పను."

ఎండ ఎక్కుతోంది. ప్రేమ్ సాగర్ ట్రాక్టరెక్కి, అంతవరకూ తిరుగుతున్న ఇంజను ఆపేసి కిందికి దిగాడు. లక్ష్మీనారాయణ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఒకసారి చుట్టూ చూసి, చొక్కా జేబులో పెట్టుకుని, పైన గుండీ పెట్టుకున్నాడు.