నిద్రపట్టని మనిషి

పొడుగాటి సూదిని పరుపు పైనుంచి దూర్చి, కింద చెయ్యి పెట్టి అందుకుని, దారం బిగించి ముడివేశాడు. మళ్ళీ పైనుంచి దూర్చాడు. పెళ్ళికి ముందు నుంచీ అతనికి ఇదే పని. కుడిచేతి చూపుడువేలి కొస తోలులా గట్టిపడిపోయింది. అక్కడ సూది గుచ్చుకున్నా తెలియదు. కనుబొమలకీ చెవులకీ ఎప్పుడూ దూది అంటుకునే ఉంటుంది కనక వీధిలో వాళ్ళు దూదయ్య అంటారు. అందరికీ మెత్తటి పరుపులు కుట్టిచ్చి, తను మాత్రం దుకాణం వెనక గదిలో చాప మీద పడుకుంటాడు. పరుపెక్కితే ఇంకా పనిలో ఉన్నట్టే ఉంటుందట.

గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని పాత దూది ఉండలు విడదీస్తున్న తల్లి, పొద్దుట అన్న మాటే మళ్ళీ అంది.

"వాడికి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నిద్రన్నది లేదురా. నిద్రలో ఎలా పోతాడు?"

వాడంటే ఆమె తమ్ముడు. ఊరికి అటు చివర కూతురి దగ్గర ఉండేవాడు. పోయిన నెల పోయాడు. నిద్రలోనే ప్రాణం పోయింది అత్తయ్యా, ఏ బాధా పడలేదని కూతురు ఫోన్లో చెప్పింది. మోకాళ్ళ వాపుతో మంచం దిగలేక ఆమె చివరిచూపుకి వెళ్ళలేకపోయింది. అందరూ నమ్మారు, ఆమె నమ్మలేదు. నిద్రపట్టని జబ్బు వల్ల ఆయనకి ఇంటిల్లిపాదీ పెట్టిన పేరు గుడ్లగూబ. మేనమామ కోసం దూదయ్య గట్టిదొకటి, మెత్తదొకటి, నడుం దగ్గర ఎత్తుగా ఇంకొకటి పరుపులు కుట్టాడు. ప్రతి పరుపు మీదా మామయ్య హాయిగా మేలుకున్నాడు. దీని మీద మేలుకుంటే ఒళ్ళు నొప్పులుండవురా అల్లుడూ అని మెచ్చుకున్నాడు కూడా.

"వాడేదో అల్లాడిపోయి ఉంటాడు. అందరూ కలిసి నా దగ్గర దాస్తున్నారు," అంది తల్లి. "మునిసిపాలిటీ ఆఫీసుకెళ్ళి వాడి మరణం కాగితం తీయించుకురా. ఏం రాసుందో ఉన్నదున్నట్టు చెప్పు."

కంచంలో పెట్టింది పెట్టినట్టే వదిలేస్తోంది ఈ మధ్య. ఫోన్ చేసిన ఆ మరదల్ని అడిగితే కాగితం ఎక్కడో ఉంది, వెతుకుతానంటూ దాటేస్తోంది. దూదయ్య సూదిని పరుపుకే గుచ్చి, దుకాణం భార్యకి అప్పజెప్పి బయల్దేరాడు.

ఆఫీసులో పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఒకటే కిటికీ. అతని ముందు కవలల్ని కన్న తండ్రి నిలబడి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఫోన్లో ఫోటోలు చూపిస్తున్నాడు. ఇద్దరూ అచ్చం మీలాగే ఉన్నారని దూదయ్య అంటే అతను పొంగిపోయాడు.

కిటికీ లోపలున్న గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, ఎవరిది కావాలని అడిగింది.

"మా గుడ్లగూబ మామయ్యదండీ."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "పక్షులవి ఇక్కడ ఇవ్వమండీ."

ఇంట్లో ఎవరూ ఎన్నడూ పిలవని అసలు పేరు గుర్తు తెచ్చుకుని చెప్పాడు. మామయ్య ఉంటే ఎంత నవ్వేవాడో అనిపించి తనకీ నవ్వొచ్చింది. గుమాస్తా కూడా నవ్వుతూనే వెతికింది. కారణం గుండెపోటు అని చదివింది. దూదయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అయితే చనిపోయిన చోటు దగ్గర ఈతకొలను అని ఉంది. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ అదే చదివింది.

మరదలు ఎందుకు దాచిందో అప్పుడర్థమైంది. చిన్నప్పుడు కాలవలో కొట్టుకుపోతున్న తమ్ముణ్ణి జుట్టు పట్టి ఒడ్డుకి లాగింది అమ్మే. ఇంకెప్పుడూ నీళ్ళలో దిగనని తన తల మీద ఒట్టు వేయించుకుంది. కాగితంలో గుండె అని ఎంత స్పష్టంగా ఉన్నా, కొలను అన్న మాట వింటే ఆమెకి మునిగిపోవడమే కనిపిస్తుంది. గుండె ఆగింది, నిద్రలోనే అని చెప్పేస్తే సరిపోతుందనుకున్నాడు. కానీ ఇంటిదారి పట్టాల్సిన కాళ్ళు కొలను వైపు తిరిగాయి.

తడి పలకల మీద పిల్లలు కేరింతలు కొడుతున్నారు. మెడలో ఈలతో ఉన్న ఈత టీచరమ్మ, మామయ్య మాట ఎత్తగానే ఆ గోలకి దూరంగా తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. రోజూ తలుపులు తీసేసరికే గుమ్మంలో ఉండేవాడట. కొన్ని నెలలపాటు గోడ పట్టుకుని, బజార్లో షికారు చేస్తున్నట్టు నీళ్ళలో నడిచాడట. ఆరోజు గోడ వదిలేశాడు.

"అది ఈత కాదండీ, నీళ్ళతో తగువు," అంది ఆమె. "కానీ అటు కొస దాకా వెళ్ళిపోయారు. అందరం చప్పట్లు కొట్టాం. పైకొచ్చి ఈ బల్ల మీదే కూర్చుని, మా అక్కయ్యకి చెప్పాలమ్మా, చంపేస్తుంది నన్ను అని ఒకటే నవ్వు. నవ్వుతూనే గోడకి తల ఆన్చారు. అలిసిపోయారనుకున్నాం."

కొక్కేనికి మిగిలిపోయిన మామయ్య ఈతటోపీ తీసి అతని చేతిలో పెట్టింది.

దారి పొడుగునా ఆలోచించాడు. అక్కయ్యకి చెప్పాలన్నాడు మామయ్య. చెప్పలేకపోయాడు. ఇప్పుడు తనూ చెప్పకపోతే ఆ మాట ఇంకెవరు చేరవేస్తారు?

"బాధపడ్డాడా?" అతను గడప ఎక్కకముందే తల్లి అడిగింది.

ఎదురుగా నేల మీద కూర్చుని, గుండెపోటు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. కొలను అనగానే ఆమె చేతిలో దూది నలిగిపోయింది. ఆపకుండా చప్పట్ల దాకా, నవ్వు దాకా వచ్చాడు.

ఆమె నలిగిన దూదిని వేళ్ళతో మెల్లగా విడదీసింది.

"అటు కొస దాకా వెళ్ళాడా?"

"వెళ్ళాడమ్మా."

"ఎవరూ పట్టుకోకుండా?"

"ఎవరూ పట్టుకోలేదు."

"దొంగవెధవ. నా తల మీద ఒట్టేసి!" అంటూ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఒళ్ళో దూదంతా ఎగిరిపోయింది. నవ్వు ఆగాక కోడల్ని కేకేసి, తినడానికేమైనా పెట్టవే, ప్రాణం నీరసించిపోతోంది అంది.

ఆమె లోపలికి వెళ్ళాక గుమ్మం దగ్గర దూది గుట్ట మీద, అతను తెచ్చిన నారింజరంగు రబ్బరు ఈతటోపీ లోపల తల లేకపోయినా గుండ్రంగానే నిలబడి ఉంది.