అరవై ఒక్క అట్టలు, ఒక్క 'తీయు'

నేను ఒక అట్టముక్కను. అరచేయంత ఉంటాను. అలాగని చులకన చేయకండి, నా మీద ఒక మాట కాపురముంది: 'తీయు'. నిఘంటువు కార్యాలయం అప్పలాచారి మాస్టారు ఊరూరా తిరిగి, జనం నోటి మాటలు నాలాంటి అట్టల మీద రాసేవారు. ఒక్క 'తీయు'కే మేం అరవై ఒక్కళ్లం. గడియ తీసే అట్ట, దిష్టి తీసే అట్ట, పరువు తీసే అట్ట. నాది ముల్లు. దేవుడి దయవల్ల పరువు జోలికి పోలేదు.

మాస్టారికి మేమంటే పంచప్రాణాలు. రిటైరైనా రోజూ వచ్చి మా దుమ్ము దులిపి వెళ్లేవారు.

అంతలో హిమజ వచ్చింది. పల్లెల్లో తిరిగే నర్సుల కోసం, చెప్పింది అర్థం చేసుకునే చిన్న యంత్రం తయారవుతోందట. దానికి మాటలు నేర్పే పని ఈ పిల్లది. యంత్రంలో చోటా తక్కువ. శుక్రవారంలోగా మా నిఘంటువు అందులో పట్టకపోతే పక్కన పడేస్తారు. మాస్టారి ముప్పై ఏళ్ల కష్టం ఇక ఎవరికీ అక్కరకు రాదు.

"మాస్టారూ, ఇన్ని వద్దండి. 'ఉన్నదాన్ని ఉన్నచోటి నుంచి తప్పించు' అని ఒక్కటి రాసి ఊరుకుందాం. తప్పించింది ముల్లో, ప్రాణమో పక్కమాట చెబుతుంది కదా" అంది హిమజ.

మాస్టారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "సగం చెప్పి ఊరుకోవడానికి నిఘంటువెందుకమ్మా? ఒక్కో అట్టా ఒక్కో అర్థం!"

హిమజ వాదించలేదు. మా అందరినీ బల్ల మీద పరిచి, "వేరే అర్థం ఉన్నవి విడదీయండి" అంది. మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. కాలి ముల్లు, చేతి ముల్లు, చేప ముల్లు. మూడు అట్టలు, కింద రాసిన అర్థం మాత్రం మక్కికి మక్కి ఒకటే. ఆయన మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టారు. నాకు జాలేసింది.

"నెలకు నూరు అట్టలు చూపించమనేవారమ్మా పైవాళ్లు. కొత్తమాట దొరక్కపోతే ఉద్యోగం ఊడుతుందేమోనని, ఉన్నదాన్నే ఇంకో అట్ట మీద దించేవాణ్ణి. ఒక్కరూ పట్టుకోలేదు."

ఎలా పట్టుకుంటారు? అట్టలు లెక్కపెట్టినవాళ్లే గానీ చదివినవాడు ఒక్కడుంటే కదా!

ఆ రోజు నుంచి ఆయనే దగ్గర కూర్చుని ఒక్కో మాటకూ ఒక్కో వాక్యం మిగిల్చారు. శుక్రవారానికి నిఘంటువు యంత్రంలో పట్టేసింది. అయినా మాస్టారికి నమ్మకం కుదర్లేదు. పొద్దున టీకొట్టు గవరయ్య వాపోయిన మాట దానికి చెప్పారు: "కొత్త రోడ్డు నా కొట్టు ఊపిరి తీసేసింది."

యంత్రం "రోడ్డు వల్ల కొట్టుకు ఊపిరి లేకుండా పోయింది" అంది.

మా అరవై ఒక్కమందిలో ఎవరి మీదా లేని వాక్యమది, ఆ ఒక్క అర్థంతోనే పట్టేసింది. మాస్టారు నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నారు. తర్వాత మమ్మల్ని తన చేత్తోనే పాతకాగితాల గోనెసంచిలో వేశారు. బాధేసింది, అబద్ధమెందుకు?

"నిఘంటువులోకి ఇంకా ఎక్కని మాటలు బోలెడున్నాయి మాస్టారూ. సోమవారం నుంచి వస్తారా?" అంది హిమజ.

"నెలకెన్ని తేవాలమ్మా?"

"దొరికినన్నే తెండి. దొరకని నెల ఊరికే రండి."

ఆయన గోనెమూతి కట్టబోతూ ఆగి, పైనున్న నన్ను తీసి, నా వెనకవైపు 'సోమవారం' అని రాసుకున్నారు.