కుప్పయ్య కారుకు కొత్త కొళాయి

నాకు కోపం ఎక్కువ. లేతు మిషను ముందు నిలబడేవాడికి కోపం పనికిరాదని మా గురువు వెయ్యిసార్లు చెప్పాడు. ఆ వెయ్యిసార్లూ నాకు ఆయన మీదే కోపం వచ్చింది. కానీ ఎనభై రెండో సంవత్సరం జనవరిలో ఓ మంగళవారం పొద్దున నాకొచ్చింది కోపం కాదు, సంతోషం. పట్టలేక షెడ్డులో ఒక్కణ్ణే గట్టిగా కేక పెట్టాను. పక్క టీకొట్టు గంగులప్ప, నా వేలు తెగిందనుకుని గ్లాసు చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది చెంగయ్యా?"

"చుక్క పడలేదప్పా! నిన్నట్నుంచీ కిరోసిను పోసి ఏలాడదీసినా. కింద కాగితం సూడు, ఎట్లా ఎండుగా ఉండాదో!"

గంగులప్ప కాగితం చూశాడు, నన్ను చూశాడు. "ఎండు కాగితానికా ఇంత అరుపు?" అని వెళ్లిపోయాడు. వాడికేం తెలుసు? బొటనవేలంత ఇత్తడి కొళాయి అది. కారు ఇంజనుకు పెట్టే కొళాయి. తిరుపతిలో అలాంటిది ఎవరూ చేయలేదు. నేను చేశాను.

సంగతి ఏమిటంటే, కారు ఇంజను అడుగున ఆయిలు తొట్టి ఉంటుంది. పాత ఆయిలు మార్చాలంటే ఆ తొట్టి అడుగున ఉన్న బోల్టును స్పానరుతో విప్పాలి. బోల్టు ఊడిన మరుక్షణం కాగే ఆయిలు చేతి మీద పడుతుంది. బోల్టు జారి డబ్బాలో పడుతుంది. అది వెతుక్కునేసరికి మోచేతుల దాకా నలుపు. ఏ మెకానిక్కును అడిగినా ముంజేతి మీద మచ్చ చూపిస్తాడు. నాకు మూడున్నాయి.

అంతకు పది రోజుల ముందు, కొండకు వచ్చిన యాత్రికుల ఫారిన్ కారొకటి సైలెన్సరు ఊడి నా షెడ్డుకొచ్చింది. కింద దూరి చూస్తే బోల్టు ఉండాల్సిన చోట చిన్న మీట కనిపించింది. వేలితో పావు తిరుగుడు తిప్పితే ఆయిలు ధారగా వచ్చింది. వెనక్కి తిప్పితే ఆగిపోయింది. స్పానరు లేదు, మచ్చ లేదు. నేను కారు కింద నుంచి ఎంతకీ బయటికి రాకపోతే, కారాయన నిద్రపోయాననుకుని నా కాలు పట్టి ఊపాడు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఇత్తడి కడ్డీ తెచ్చి కోశాను. పారేశాను. మళ్లీ కోశాను. మూడోది కుదిరింది.

దాన్ని మొట్టమొదట ఎవరి కారుకు పెట్టాలో నాకు ముందే తెలుసు. కుప్పయ్య కారుకు.

కుప్పయ్య నా వయసువాడే. నలభై దాటాయి. నగరిలో మగ్గాల ఇంట్లో పుట్టి, నేత వద్దని స్టీరింగు పట్టినవాడు. పద్దెనిమిదేళ్లుగా కొండకు అంబాసిడరు టాక్సీ తోలుతున్నాడు. ఘాటు రోడ్డు మలుపులన్నీ కళ్లు మూసుకుని చెబుతాడు. అయితే రోజూ కొండ ఎక్కే ఇంజనుకు ఆయిలు తొందరగా కాలిపోతుంది, మాటిమాటికీ మార్చాలి. మార్చినప్పుడల్లా బోల్టు విప్పి విప్పి మరలు అరిగిపోయాయి. దారం చుట్టి, సబ్బు పూసి బిగించినా చుక్క చుక్క కారేది. కిందటిసారి చిత్తూరులో, బండి రోడ్డుకు పనికొస్తుందని రాసిచ్చే ఎఫ్.సి. కోసం పోతే, బ్రేక్ ఇన్‌స్పెక్టరు కారు కింద న్యూస్ పేపరు పరిచాడు. మూడు చుక్కలు పడ్డాయి.

"ఘాటు మలుపులో ఈ చుక్క మీద స్కూటరు జారితే ఆ ప్రాణం నువ్విస్తావా?" అన్నాడట. "నెల గడువిస్తా. ఈసారి ఒక్క చుక్క కనపడినా నీ కారు కొండెక్కదు."

ఆ నెల గడువు బుధవారంతో అయిపోతుంది. కొండ లేకపోతే కుప్పయ్య ఏం చేస్తాడో నేను ఊహించలేను. వాడూ ఊహించలేడు. అడిగితే తల తిప్పుకునేవాడు.

మంగళవారం మధ్యాహ్నం కారును షెడ్డులో గుంత మీద నిలబెట్టాం. అరిగిన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి కొత్త మరలు కోశాను. రాగి వాషరు వేసి కొళాయి బిగించాను. ఇక దీన్ని విప్పే పని జన్మలో లేదు, మరలు అరిగే మాటే లేదు. కొత్త ఆయిలు పోసి, కుప్పయ్యను గుంతలోకి దింపి, చూపుడువేలితో మీట తిప్పాను. తేనె రంగు దారంలా ఆయిలు డబ్బాలోకి దిగింది. తిప్పాను. ఆగింది.

కుప్పయ్య నోరు తెరిచాడు. "ఒగ సారి నేను తిప్పుతా." తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఏడోసారి నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"బలే ఉండాది చెంగయ్యా. గాలికే తిరిగేటట్టుండాదే! దీనికి గడియ ఏం లేదా?"

"గడియ పెడితే తలుపయితాది. ఇది కొళాయి. రెండ్రోజులు గరుకు పేస్టు పెట్టి నూరి ఒంటి వేలితో తిరిగేటట్టు చేసినా. నీకు సులువుగా ఉంటే గిట్టదా?"

వాడు గుంతలోంచి పైకెక్కేశాడు. నా పనికి వంక పెడితే నేనెలా ఉంటానో వాడికి తెలుసు.

బుధవారం తెల్లవారాక కుప్పయ్య తల్లి రంగనాయకమ్మ కూడా మాతో చిత్తూరుకు బయల్దేరింది. అరవై అయిదేళ్ల మనిషి, చేతిలో పసుపు గిన్నె. ఎఫ్.సి. చేతికొస్తే అటునుంచి అటే కాణిపాకం పోయి వినాయకుడికి కొబ్బరికాయ కొడతానని మొక్కుకుందట. నేను ముఖం కడుక్కోవడానికి పోయి వచ్చేలోగా ఆమె గుంతలోకి దిగి నిలబడి ఉంది.

"ఇది మా మగ్గం గుంత మాదిరే ఉండాదిరా!" అంది సంబరంగా. "కొత్త సామానుకు బొట్టు పెట్టినా. దిష్టి తగలకుండా కట్టినాలే."

ఏం కట్టావని నేను అడగలేదు. కొత్త వస్తువుకు పసుపు కుంకుమ పెట్టడం మా ఊళ్లో కొత్తేం కాదు. నా లేతుకే ఆయుధ పూజకు పెట్టిన కుంకుమ ఇంకా ఉంది. ఎక్కండి ఎక్కండి అని తొందరపెట్టాను.

చంద్రగిరి దాటాం. కుప్పయ్య ఈల వేస్తున్నాడు. నేను ప్రతి రెండు మైళ్లకూ కారాపించి, కాస్త ముందుకు తోలించి, రోడ్డు మీద చుక్క పడిందా అని చూశాను. ఎండుగా ఉంది! పాకాల దాటాక ఆపడం మానేశాను. నా మనసులో అప్పటికే జిల్లాలో ఉన్న టాక్సీలన్నీ నా షెడ్డు ముందు వరసగా నిలబడి ఉన్నాయి.

పూతలపట్టుకు ఇవతల రోడ్డు మీద ఉలవ కట్టె పరిచి ఉంది. ఆ రోజుల్లో పంట కోసి తెచ్చి తారురోడ్డు మీదే పరిచేవాళ్లు. వచ్చే పోయే బస్సులూ లారీలే నూర్పిడి చేసిపెట్టేవి. మా కారు దాని మీద ఎక్కింది. కింద పరపరమని చప్పుడు. కట్టె దాటి నాలుగు బారలు పోయామో లేదో, ఆయిలు తగ్గిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది.

కుప్పయ్య ఈల ఆగింది. ఆ క్షణమే ఇంజను ఆపేశాడు. ఇంకొకడైతే ఏమిటా అని చూస్తూ ఇంకో ఫర్లాంగు పోనిచ్చేవాడు, ఇంజను పట్టేసేది. కారు తనంతట తాను దొర్లి పక్కకు ఆగింది. నేను దిగి వెనక్కి చూశాను. ఉలవల మీది నుంచి మా దాకా నల్లటి గీత.

"ఏమప్పా, మా ఉలవలకు తిరగమాత ఏస్తా ఉండారా?" అని అరుస్తూ చేట పట్టుకుని వచ్చింది ఆ కళ్లం ఆమె.

నాకు ఆమె మాట వినిపించినా ఎక్కలేదు. కారు కిందికి దూరాను. నా మీట తెరుచుకుని ఉంది. దానికి పసుపు దారం. దారానికి నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు. నిమ్మకాయ చుట్టూ పిడికెడు ఉలవ కట్టె చిక్కుకుని ఉంది. కట్టె నిమ్మకాయను లాగింది, నిమ్మకాయ మీటను లాగింది.

బయటికొచ్చి నేను అరిచిన అరుపులు రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "దిష్టి నిమ్మకాయ కట్టడానికి నీకు ఇంకో తావు దొరకలేదా పెద్దమ్మా? బంపరు లేదా? నా పది దినాల పని, నీ కొడుకు బతుకు, అన్నీ రోడ్డున పోసినావే!" అన్నాను. కుప్పయ్య బానెట్టు మీద రెండు చేతులూ పెట్టి తల వంచుకున్నాడు.

రంగనాయకమ్మ ఏడవలేదు. నేను అలిసిపోయేదాకా చూసింది. తర్వాత మెల్లగా అంది.

"తప్పు నాదే నాయనా. ఒప్పుకుంటా. అయితే ఒగటి చెప్పు. నిమ్మకాయ లాగితేనే తెరుచుకునేది, రాయి తగిలితే తెరుచుకోదా? ముళ్లకంప తగిలితే? ఈ పొద్దు మంచి రోడ్డు మీద లైటు సూసి ఆపినాడు. అదే కొండ మలుపులో అయ్యుంటే?"

గడియ లేదా అని కుప్పయ్య అడిగినప్పుడు నేనేమన్నానో గుర్తొచ్చింది. ఘాటు మలుపు, నల్లటి గీత, దాని మీదికి ఎవరో స్కూటరు మనిషి. ఒంటి వేలితో తిరగాలని నూరి నూరి మురిసిపోయానే గానీ, ఎవరి వేలు అన్నది నేను ఆలోచించలేదు.

"ఇంకో ఆయిలు డబ్బా ఉండాదారా?" కొడుకును అడిగింది. కొండ టాక్సీల డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. "అట్లయితే ముఖాలు ఏలాడేసుకుని నిలబడినారేంది?"

అంటూనే కోక చెంగు దోపుకుని, గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరింది! నేను కంగారుగా పక్కన దూరాను. నిమ్మకాయ తీసి పారేసింది. అదే దారాన్ని నాలుగు పోగులు చేసి, మూసిన మీటకూ పక్కనున్న బోల్టుకూ కలిపి చుట్టి ముడి వేసింది.

"మగ్గం తొక్కుడు చెక్కలకు ఏసే ముడి ఇది," అంది. "దినమంతా తొక్కినా సడలదు. లాగే కొద్దీ బిగుస్తాది. ఇప్పాలంటే ఈ కొస ఉండాది సూడు, దీన్ని మాత్రం లాగాల. యాభై ఏండ్లు కట్టినా నాయనా, ఒగ దినం గూడా జారలేదు."

నేను మీటను లాగి చూశాను. కదల్లేదు. బలంగా లాగాను. ఇంకా బిగిసింది.

ఆయిలు పోశాం. కుప్పయ్య తాళం తిప్పుతుంటే నేను బానెట్టుకు చెవి ఆనించాను. ఇంజను ఎప్పటిలాగే అందుకుంది. ఏ చప్పుడూ లేదు! కళ్లం ఆమెకు దండం పెట్టి, ఆయిలు పడ్డ కట్టె ఏరి పక్కన వేసి, నల్ల గీత మీద మట్టి చల్లి బయల్దేరాం. ఈసారి కుప్పయ్య కావాలనే గతుకుల మీద తోలాడు. నేను వద్దనలేదు.

చిత్తూరులో మా వంతు పన్నెండింటికి వచ్చింది. కారును తనిఖీ గుంత మీద పెట్టమన్నాడు ఇన్‌స్పెక్టరు. గుంతలో న్యూస్ పేపరు పరిచాడు. ఇంజను నడపమన్నాడు. చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. అయిదు నిమిషాలు. పది. పదిహేను. కుప్పయ్య పెదవులు కదులుతున్నాయి. పేపరు మీద అక్షరాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

పేపరు తీసి ఎండలో తిప్పి చూశాడు. తెల్లగా ఉంది.

"ఈ మీట ఏంది? ఈ దారం ఏంది? ఇప్పి చూపించు," అన్నాడు.

నేను గుంతలోకి దూకాను. కొస లాగాను. అది వేరే కొస. ముడి బిగిసింది. మళ్లీ లాగాను, రాయిలా అయింది. ఇన్‌స్పెక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. కుప్పయ్య ముఖంలో నెత్తురు లేదు.

"జరుగు నాయనా," అని రంగనాయకమ్మ మెట్లు దిగి వచ్చింది. ఎడమ చేతి రెండు వేళ్లతో ఒక కొస పట్టి లాగింది. ముడి మొత్తం విడిపోయి ఆమె చేతిలోకి వచ్చేసింది. నేను డబ్బా పెట్టి వేలితో మీట తిప్పాను. ధార. తిప్పాను. ఆగింది. ఆమె మళ్లీ కట్టేసింది. వక్క నమిలేంతసేపు కూడా పట్టలేదు.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. తనే చేయి పెట్టి మీటను గుంజాడు. కదల్లేదు. ఆయన ముఖంలోకి మెల్లగా నవ్వొచ్చింది. కాగితం కారు మీదే పెట్టి సంతకం చేసి కుప్పయ్య చేతికిచ్చాడు. కుప్పయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అంత పెద్ద మనిషీ గుంత గట్టు మీద కూలబడి ఏడ్చేశాడు.

"ఎవరు చేసినారు దీన్ని?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. చుట్టూ చేరిన డ్రైవర్లందరూ నా వైపు చూశారు.

లేతు పట్టిన నాటి నుంచి ఆ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. జవాబు కూడా పది రోజులుగా తయారుగా ఉంది. గొంతు సవరించుకున్నాను.

"కొళాయి నేను చేసినా సార్," అన్నాను. "దానికి గడియ చేసింది ఈ పెద్దమ్మ. అది లేకపోతే నాది పనికిరాదు."

రంగనాయకమ్మ పసుపు చేతులు కోకకు తుడుచుకుంది.

"కొళాయి గూడా బాగానే చేసినాడు లే సార్, పిల్లోడు," అంది.

డ్రైవర్లంతా గొల్లున నవ్వారు. నలభై రెండేళ్ల పిల్లోణ్ణి నేను. కోపం రాలేదు. గుంతలోనే కూర్చుని, ఆ ముడి నాకూ నేర్పమని ఆమెను అడిగాను.